సెలవుల చిరునామా

ఈ ఉదయం పుంగనూరు సంతలో అనపకాయల రాశి ముందు నిలబడి ఒక కాయ నలిపి వాసన చూశాను. మంచు తాగిన కాయకు ఒక వాసన ఉంటుంది. అది లేకపోతే కొనను సరికదా, అమ్మే అతనికి నాలుగు మాటలు చెప్పి మరీ వస్తాను. ముప్ఫై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పిన నోరు, రిటైరైనంత మాత్రాన ఊరుకుంటుందా? ఐదు కేజీలు తూయించుకున్నాను. అన్నెందుకని అతను అడగలేదు. డిసెంబరు చివర మా ఇంటికి ఎవరొస్తారో అతనికీ తెలుసు.

నాలుగేళ్ళ కిందటి మాట. మదనపల్లెలో ఇల్లూ వాకిలీ లేని ఆరుగురు ఆడపిల్లలు ఉండే ఆశ్రయానికి మా చెల్లెలు వార్డెను. క్రిస్మస్ సెలవులకు వంటామె ఊరికి పోయిందని, పదిరోజులు వచ్చి గరిటె పట్టుకోమని నన్ను బతిమాలింది. పిల్లలు దాన్ని అమ్మా అంటారు కాబట్టి బస్సు దిగిన గంటకే నేను పెద్దమ్మనయ్యాను. ఆ చలికాలంలో దాతలు తెచ్చే దుప్పట్లకూ కేకులకూ కొదవ లేదు. రోజూ కేకు తిని, ఫోటోకు నవ్వి, పాపం ఆ పిల్లల నోరు చవి చచ్చిపోయింది. "రేపు సంగటి, పితికిపప్పు" అనగానే ఆరుగురూ కేరింతలు కొట్టారు.

పితికిపప్పు ఒక్క చేతి వంట కాదు. నానిన అనపగింజను వేళ్ళ మధ్య నొక్కితే పొట్టు చేతిలో మిగిలి పప్పు గిన్నెలో పడాలి. అందరిలోకీ పెద్దపిల్ల నొక్కిన గింజ ఎగిరి నా కళ్ళద్దాలకు తగిలింది. "యాల మే అట్లా నొక్కుతాండావు? గింజ మీద పగా?" అన్నాను. "ఎవురన్నా నేర్పించింటే కదా పెద్దమ్మా!" అని పకపకా నవ్వింది. నిజమే. ఏడేళ్ళప్పుడు కుప్పం స్టేషన్‌లో ఒంటరిగా దొరికిన పిల్ల. రైలు ఎక్కడ ఎక్కిందో దానికే గుర్తులేదు. పద్దెనిమిది నిండాయి కనుక ఇక ఆశ్రయంలో ఉండకూడదు. జనవరిలో పలమనేరులో నర్సింగు చదువుకు చేరాలి.

నవ్వు ఆగాక మెల్లగా అడిగింది. "హాస్టల్ ఫారం ఇచ్చినారు పెద్దమ్మా. సెలవల్లో హాస్టల్ మూసేస్తారంట. అప్పుడు యాడికి పోతావో అడ్రసు రాయాలంట. ఏం రాసేది?"

మా ఇంటి అడ్రసు నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో కొడుకు, కోడలు, పక్కింటివాళ్ళు అందరూ కళ్ళ ముందు నిలబడ్డారు. "సూద్దాంలేమ్మా, ఇప్పుడేం తొందర?" అన్నాను. నలుగురికీ సాయపడాలని తరగతి తరగతికీ చెప్పిన మనిషిని! మర్నాడు మళ్ళీ అడిగితే మళ్ళీ అదే మాట. మూడోరోజు ఆ పిల్ల అడగలేదు. సిగ్గు లేకుండా హమ్మయ్య అనుకున్నాను.

ఆ సాయంత్రం పక్కలు సర్దుతుంటే దాని పుస్తకంలోంచి ఫారం జారి పడింది. సెలవుల చిరునామా దగ్గర పెన్సిలుతో, గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది: కుప్పం రైల్వే స్టేషన్.

ఆ ఫారం చేతిలో పట్టుకునే కోడలికి ఫోన్ చేసి, ఏడుస్తూనే అంతా చెప్పాను. "దీనికి నన్నడిగేదేముండాది అత్తా? ఫారంలో రాసేది కాదు, ఇప్పుడే పిలుచుకొని రాండి" అంది. మూడు రోజులు నేను భయపడింది ఈ మనిషికా!

రబ్బరుతో స్టేషన్ను చెరిపేసి, పెన్నుతో మా ఇంటి నంబరు, వీధి, పుంగనూరు అని రాసి ఆ పిల్లను పిలిచి చూపించాను. రెండు వరసలు చదవడానికి ఎంతసేపు పట్టిందో!

"పెన్నుతో రాసేసినావే పెద్దమ్మా. మళ్ళా చెరపాలంటే కాదే" అంది.

"చెరిపితే చెయ్యి విరగ్గొడతా" అన్నాను.

ఈ మధ్యాహ్నం బస్సుకు వచ్చింది. చెప్పులు విప్పుతూనే నా ముందున్న చేట లాక్కుని, "జరుగు పెద్దమ్మా, నువ్వు ఒలిచేటప్పటికి తెల్లారుతాది" అంటూ అనపకాయల ముందు చతికిలబడింది. నాలుగు డిసెంబర్లు ఇట్టే వెళ్ళిపోయాయి. నేను 'సూద్దాంలే' అన్న ఆ మూడు రోజులు మాత్రం నాకింకా గడవలేదు.