యానాం దాకా వస్తుందిలే

పొద్దున్నే షాపు తెరవడానికి వెళ్తూ పెట్రోలు బంకు ముందు స్కూటరు ఆపి ధర బోర్డు చదవడం నాకు చాలా ఏళ్ళ అలవాటు. కొట్టించుకోవడానికి కాదు, తిట్టుకోవడానికి. కొందరు దేవుడి పటానికి దణ్ణం పెట్టుకుని రోజు మొదలుపెడతారు. నేను ఆ బోర్డుకి ఒక తిట్టు సమర్పించుకుని మొదలుపెట్టేవాణ్ణి. ధర కదిలినా కదలకపోయినా నా తిట్టు మాత్రం ఆగేది కాదు.

అమలాపురం కోర్టు దగ్గర నాకో చిన్న జిరాక్సు షాపు ఉంది. డీటీపీ కూడా చేస్తాను. పింఛను ఆగిపోయినవాళ్ళు, గట్టు తగాదాలవాళ్ళు, పంట కాలవకి నీళ్ళు రానివాళ్ళు, అందరూ నా ముందున్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చెప్పుకుంటే నేను అర్జీ టైపు చేసి ఇస్తాను. అందరి కష్టాలూ నా వేళ్ళ మీదుగా పోతుంటే నాకంటూ ఒకటి ఉండాలనిపించిందేమో, పెట్రోలు ధరని పట్టుకున్నాను. అదే నన్ను పట్టుకుందని మా ఆవిడ అంటుంది.

తెలియనివాళ్ళకి ఒక సంగతి చెప్పాలి. మా కోనసీమ నుంచి ఎదుర్లంక దగ్గర గోదావరి పాయ గౌతమి మీద వంతెన దాటితే యానాం. అటు కూడా ఇదే మట్టి, ఇదే కొబ్బరి, ఇదే తెలుగు. కాకపోతే ఆ ఊరు పుదుచ్చేరి కింద ఉంది. వాళ్ళ పన్ను వేరు, మా పన్ను వేరు. అందుకని అదే పెట్రోలు వంతెనకి అటు చవక, ఇటు ప్రియం. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు గానీ ఇది నాలుక భ్రమ కాదు, బోర్డు మీద అంకెల్లో కనిపిస్తుంది. దీనికి తోడు మా తోటల మధ్య రిగ్గులు వేసి కింద నుంచి గ్యాసూ చమురూ తోడుకుపోతుంటారు. మా కాళ్ళ కింది సొత్తు తీసుకెళ్ళి మాకే ఎక్కువ ధరకి అమ్మడం ఏమిటని నేను షాపుకొచ్చిన ప్రతివాణ్ణీ అడిగేవాణ్ణి. వాళ్ళు ఆయ్ అనేవారు. మా వైపు ఆయ్ అంటే సగం సార్లు విన్నామని మాత్రమే అర్థం.

ఒకసారి బంకు మేనేజరుగారినే నిలదీశాను. పెద్దాయన, నెమ్మదస్తుడు. ధర తన చేతిలో లేదనీ, పొద్దున్నే ఫోన్లో వస్తే తాము బోర్డు మీద మార్చడమేననీ చెప్పి, నాకు మంచినీళ్ళు ఇప్పించాడు. ఆ ఫోన్లో పెట్టేది ఎవరని అడిగితే ఆయనకీ తెలియదు. ఎవరి మీద కోప్పడాలో తెలియని కోపం ఎంత చెడ్డదో ఆ గ్లాసు పట్టుకుని నిలబడ్డప్పుడు తెలిసింది.

అందరిలాగే మా వీధివాళ్ళమూ ఒక ఉపాయం కనిపెట్టుకున్నాం. ఎవరైనా యానాం మీదుగా వెళ్తున్నారంటే సొంత బండి తీయరు. ఎవరి బండిలో పెట్రోలు అడుగంటిందో కనుక్కుని ఆ బండి వేసుకెళ్ళి, అటువైపు నింపించుకుని వస్తారు. చేపలకి వెళ్ళినా, పెళ్ళికి వెళ్ళినా ఇదే పద్ధతి. నిండు ట్యాంకుతో యానాం వెళ్ళడమంటే ఇంట్లో కడుపునిండా తినేసి పెళ్ళిభోజనానికి వెళ్ళినట్టు లెక్క. అలా వెళ్ళినవాణ్ణి నెల్లాళ్ళపాటు ఆటపట్టించేవాళ్ళం. ప్రయాణానికి నాలుగు రోజుల ముందునుంచీ పెట్రోలు కొట్టించకుండా బండి నడపడానికి మేం పెట్టుకున్న పేరు ఎండబెట్టడం. ఎదురింట్లో ఉండే రిటైర్డు మాస్టారు గేటు దగ్గరనుంచే, "రేపు ప్రయాణం అంటున్నారు, బండి ఎండబెట్టేరా?" అని అడిగేవారు. ఆయ్, ఎండబెట్టేనండీ అనేవాణ్ణి, ఏదో వ్రతం చేసినట్టు.

ఈ విద్యలో నాకు మంచి పేరుండేది. నా స్కూటరుకి పెట్రోలు చూపించే ముల్లు పనిచేయడం మానేసి చాలాకాలమైంది. బాగుచేయించలేదు. బండిని అటూ ఇటూ ఊపి, లోపలి చప్పుడు విని ఎంత దూరం వస్తుందో చెప్పేవాణ్ణి. ఎన్నోసార్లు ఆఖరి చుక్కల మీద వంతెన దాటి యానాం బంకులోకి దొర్లుకుంటూ వెళ్ళాను. అలా వెళ్ళిన ప్రతిసారీ ఆ ఫోన్లో ధర పెట్టేవాడెవడో వాణ్ణి గెలిచినట్టు ఉండేది. సిగ్గు లేకుండా చెప్తున్నాను, ఆ గెలుపు నాకు చాలా ఇష్టం.

మా ఆవిడ ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్తుంది. పెళ్ళయిన ఏడాది నుంచీ అదే స్కూలు. సర్కారు టీచరు కావాలని ఆమె కోరిక. ఆ పరీక్ష ఎప్పుడు పెడతారో పెట్టేవాళ్ళకే తెలియదు. ఒకసారి మా అమ్మాయి పుట్టిన నెలలో వచ్చింది, రాయలేకపోయింది. ఇంకోసారి కొద్దిలో పోయింది. మళ్ళీ ఏళ్ళ తరబడి లేదు. చివరికి వచ్చేసరికి ఆమెకి వయసు పరిమితి దగ్గరపడింది. అది ఆఖరుసారి. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు గానీ, పొయ్యి మీద పాలు పెట్టి పక్కన స్టూలు మీద పుస్తకం పెట్టుకున్న ఆమెని చూస్తే చాలు, తెలిసిపోయేది. పాలు పొంగేవి, ఆమె లేచేది కాదు.

నా అర్జీలు ముందు చదివేది ఆమే. పెట్రోలు ధర మీద కలెక్టరాఫీసులో ఇవ్వడానికి నేను రాసిన మొదటి అర్జీ రెండు పేజీలైంది. ఆమె అందులో తిట్లన్నీ కొట్టేసి ఒక పేజీకి తెచ్చింది. ఒక్క వాక్యం మాత్రం ముట్టుకోలేదు. 'డబ్బు చెల్లించే ప్రజల మాట ఒక్కటైనా వినకుండా, ఎక్కడో దూరాన కూర్చున్నవారు తమకు తోచినట్టు ధర నిర్ణయించడం అన్యాయం' అన్నది ఆ వాక్యం. అది బావుందంది. టెన్తు పిల్లలకి వ్యాసంలో రాయించొచ్చంది. నేను వారం రోజులు పొంగిపోయాను. నెలన్నరకి జవాబొచ్చింది, ఈ విషయం ఈ కార్యాలయం పరిధిలోనిది కాదని. ఆ కాగితానికి ఫోటో ఫ్రేము కట్టిద్దామా అన్నంత కోపం వచ్చింది.

పరీక్షకి ఆమెకి సెంటరు కాకినాడలో పడింది. ఊరి బయట ఒక కాలేజీ. తొమ్మిదింటికల్లా గేటు మూసేస్తారనీ, తర్వాత ఎవరొచ్చినా రానివ్వరనీ హాల్‌టికెట్టు మీదే రాసి ఉంది. తెల్లవారుజాము బస్సుకి వెళ్ళిపోతానని ఆమె అంది. బస్సు ప్రతి ఊళ్ళోనూ ఆగుతుంది, దిగాక మళ్ళీ ఆటో వెతుక్కోవాలి, నేను స్కూటరు మీద నేరుగా గేటు ముందు దింపుతానన్నాను. ఆమె మీద ప్రేమతోనే అన్నాను. అయితే దారిలో యానాం పడుతుందన్న ఆలోచన ఆ ప్రేమలో కలిసిపోయి ఉంది. అప్పటికే నాలుగు రోజులుగా బండి ఎండబెడుతున్నాను.

ఏడు కాకముందే బయల్దేరాం. ఆమె ఇస్త్రీ చేసిన నేత చీర కట్టుకుంది, ఒళ్ళో ప్లాస్టిక్ ఫైలు పెట్టుకుంది. వెనక కూర్చుని ఏవో ఛందస్సు సూత్రాలు గొణుక్కుంటోంది. ముమ్మిడివరం బంకు కనబడగానే గొణుగుడు ఆపి, "ఇక్కడ ఒక లీటరు కొట్టించేయండి" అంది.

"యానాం దాకా వస్తుందిలే" అన్నాను.

"ఇవాళొక్క రోజూ కొట్టించేయండి. నాకు భయంగా ఉంది."

నవ్వాను. బండి చప్పుడు నాకు తెలియదా అన్నాను. బంకు వెనక్కి వెళ్ళిపోయింది. మురమళ్ళ దగ్గర ఇంకో బంకు వచ్చింది. అక్కడ ఆమె మళ్ళీ అడగలేదు. ఛందస్సు కూడా మళ్ళీ మొదలుపెట్టలేదు. నేను అది గమనించి కూడా గమనించనట్టు నడిపాను.

వంతెన మధ్యకి వచ్చేసరికి స్కూటరు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

ఎందుకు ఆగిందో తర్వాత ఎన్నోసార్లు ఆలోచించాను. ఎప్పుడూ ఒక్కణ్ణే వెళ్ళేవాణ్ణి. నా చెవి లెక్కంతా ఒక్క మనిషి బరువుకి. ఆ రోజు ఇద్దరం, పైగా ఎదురుగాలి. ఇంత చిన్న సంగతి నాకు తట్టలేదు. బండిని పక్కకి వాల్చి ఊపాను. ఏ చప్పుడూ రాలేదు. కింద గోదావరి, పైన మేము, పక్కనుంచి లారీలు. బస్సు ఒకటి వస్తే ఇద్దరం చేతులూపాం, వంతెన మీద ఎవడు ఆపుతాడు. ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని యానాం వైపు గబగబా నడవడం మొదలుపెట్టింది. నేను వెనకాల బండి తోసుకుంటూ, అవతల ఆటో దొరుకుతుంది, ఏం ఫరవాలేదు, చాలా టైముంది అని అరుస్తున్నాను. ఆమె వెనక్కి తిరగలేదు. వంతెన దిగిన చాలాసేపటికి ఒక షేరాటో దొరికింది. నిండా మనుషులున్నారు. డ్రైవరు పక్కన సగం సీటు మీద కూర్చుని, ఫైలు గుండెకి ఆనించుకుని వెళ్ళిపోయింది. యానాంలో కాకినాడ బస్సు పట్టుకోవాలి, దిగాక మళ్ళీ ఆటో. నేను చేసిన ఏర్పాటే లేకపోతే ఆమె ఆ పాటికి ఏ చెట్టు కిందో కూర్చుని నోట్సు తిరగేస్తూ ఉండేది.

నేను బండి తోసుకుంటూ బంకుకి చేరాను. చెమటకి చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. మనసంతా కాకినాడ గేటు దగ్గరే ఉంది. బంకులో ఆయన ఎంతకి అని అడిగాడు. ఫుల్ ట్యాంకు అన్నాను. నోరు దానంతటదే అనేసింది. ఆయన నింపుతున్నంతసేపూ అలాగే నిలబడి ఉన్నాను. ఒక్క లీటరు పోయించుకుని పరిగెత్తాలని కూడా తట్టలేదు. ఇన్నేళ్ళయినా నన్ను నేను క్షమించుకోలేనిది వంతెన మీద ఆగిపోవడం కాదు, ఆ ఫుల్ ట్యాంకే.

కాలేజీ చేరేసరికి తొమ్మిదిన్నర దాటింది. లోపల ఉందేమోనన్న ఆశ గేటు కనిపించేదాకా ఉంది. గేటు పక్కన ప్రహరీ నీడలో, కల్వర్టు గట్టు మీద ఆమె కూర్చుని ఉంది. నాలుగు నిమిషాలు ఆలస్యమైందట. వాచ్‌మన్ కూడా పాపం బాధపడ్డాడట. బతిమాలలేదా అని అడగబోయి ఆగాను. ఆ మాట అడిగే మొహం నాకు లేదు.

ఆమె నన్ను చూసి, "టిఫిన్ చేసేరా?" అంది.

తిట్టి ఉంటే బావుండేది. తిడితే ఏదో ఒకటి సర్దిచెప్పడం నాకు బాగా వచ్చు. ఆ ప్రశ్న విని బండి స్టాండు వేస్తున్నట్టు వంగి ఏడ్చాను. ఆమె చూసింది, చూడనట్టు ఫైలు సర్దుకుంది. తిరిగి వస్తుంటే నిండు ట్యాంకు బండి వంతెన మీద హాయిగా పరిగెత్తింది. దాని పరుగు వింటుంటే ఒళ్ళు మండిపోయింది.

ఆ తర్వాత ఆమె మామూలుగానే స్కూలుకి వెళ్ళింది. స్టూలు మీద పుస్తకం మాత్రం లేదు. పాలు పొంగడం లేదు. ఎదురింటి మాస్టారు ఒకటి రెండుసార్లు ఎండబెట్టడం ఊసెత్తి, నా మొహం చూసి మానేశారు. నేను స్కూటరు ముల్లు బాగుచేయించాను. మా ఊరి బంకులోనే, ట్యాంకు సగానికి రాకముందే కొట్టించుకోవడం మొదలుపెట్టాను. కానీ చింత చచ్చినా పులుపు చావదు. కుదురుగా కూర్చోలేకపోయేవాణ్ణి. షాపులో కూర్చుంటే ఇంటికి వెళ్ళాలనిపించేది, ఇంటికి వెళ్తే ఆమె ఎదుట నిలబడలేక మళ్ళీ షాపుకి. ఆ చిరాకంతా ఎక్కడో ఒకచోట కక్కాలి కదా. ఒక రోజు పొద్దున బంకు బోర్డు మీద అంకె పెరిగి ఉంది. ఎన్నాళ్ళకో నాకు కోప్పడడానికి సరైన మనిషి దొరికినట్టయింది. వాడు కంటికి కనిపించడు, అంతే తేడా.

షాపుకి వెళ్ళగానే పాత అర్జీ తీసి కొత్త తేదీ వేశాను. రెండు పేరాలు పెంచాను. ఆ మంచి వాక్యాన్ని మధ్యలోంచి తీసి మొదట్లోకి తెచ్చాను. సాయంత్రం ఆమె స్కూలు పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతుంటే పక్కన పెట్టాను. ఎప్పట్లాగే తీసుకుని చదివింది. ఒకచోట అక్షరం దిద్దింది. తర్వాత ఆ మొదటి వాక్యం కింద ఎర్ర పెన్నుతో నెమ్మదిగా, చివరిదాకా గీత గీసింది. బావుందని చెప్పబోతోందనుకున్నాను.

"ఎక్కడో దూరాన కూర్చున్నవాళ్ళకి మన మాట వినపడలేదంటే అర్థం ఉందండీ" అంది. "నేను మీ వెనక సీట్లోనే కూర్చున్నాను కదా."

గొంతు పెంచలేదు. కాగితం నా చేతికిచ్చి, తర్వాతి పిల్లవాడి పేపరు తీసి దిద్దడం మొదలుపెట్టింది. నేను ఆ అర్జీ ఎవరికీ ఇవ్వలేదు.