ఆరున్నొకటి

మా అక్క పోగొట్టుకున్నవి ముందు లెక్క వేస్తాను. ఒంటి బరువు పదకొండు కిలోలు. నడుము దాకా ఉన్న జుట్టు. రెండేళ్ల పసుపు పంట. తెల్లకణాలు, ఎర్రకణాలు, రక్తాన్ని గడ్డకట్టించే కణాలు, మూడు రకాలూ. ఎముకల లోపల రక్తాన్ని పుట్టించే మూలకణాలే చచ్చిపోతున్నాయనీ, ఎందుకో తమకూ తెలియదనీ, దాని మీదే పరిశోధన చేస్తున్నామనీ హైదరాబాద్ డాక్టరమ్మ చెప్పింది. నా మూలకణాలు అక్కకు సరిపోయాయి. అవి ఎక్కించేలోగా బయటివాళ్ల రక్తం ఎంత తక్కువ ఎక్కితే అంత మంచిది. లేకపోతే అక్క ఒళ్లు నావాటిని తిప్పికొట్టవచ్చు. హిమోగ్లోబిన్ ఏడు కంటే తగ్గితేనే రక్తం ఎక్కించాలి.

నేను చందూర్‌లో వడ్ల కాంటా దగ్గర బస్తాలు లెక్కపెడతాను. చదువుకున్న లెక్క కాదు, కల్లంలో బాపు పక్కన నిలబడి నేర్చుకున్నది. కొలిచేటప్పుడు ఒకటిని లాభం అంటాం. ఏడు అనం, ఇంట్లో ఏడుపు పుడుతుందని. ఆరున్నొకటి అంటాం.

ఆ రోజుల్లోనే ఒకసారి నిజామాబాద్‌లో అక్కకు పరీక్ష చేయించాను. రిపోర్టు ఫొటో ఎంతకీ వెళ్లకపోతే హైదరాబాద్‌కు ఫోన్ చేసి చదివాను. రాసుకున్న అమ్మాయి మళ్లీ అడగలేదు. కాసేపటికే హైదరాబాద్ వాళ్లు చెప్పారని నిజామాబాద్ ఆసుపత్రిలో అక్కకు రక్తం పెట్టారు. కేసు కాగితం చూశాను. 6.1 అని ఉంది.

"సిస్టర్, ఆపుండ్రి. రిపోర్టుల ఉన్నది ఏడు."

"ఫోన్ల ఆరు పాయింట్ ఒకటి అన్నరట గద."

"ఆరున్నొకటి అన్న. అంటే ఏడే."

ఆమె రిపోర్టు తెరిచి చూసి గొట్టం క్లిప్పు బిగించి రక్తం ఆపింది. అప్పటికే పావు బాటిల్ లోపలికి పోయింది.

అక్క కళ్లు తెరవకుండానే అంది: "నా రక్తం గూడ వడ్లు కొలిసినట్టే కొలుస్తున్నవా తమ్మీ?"

నెల తర్వాత నా కణాలు అక్కలోకి వెళ్లాయి. పదహారు రోజులు తెల్లకణాలు సున్నా దగ్గరే నిలిచాయి. రోజూ పొద్దున రిపోర్టు అందుకునేటప్పుడు నాకు ఆ పావు బాటిలే కనబడేది. పదిహేడో రోజు లేచాయి. ఆలస్యం దానివల్లేనా అని అడిగితే, చెప్పలేమంది డాక్టరమ్మ.

జబ్బుకు కారణం వెతికే పని కోసం పన్నెండు సార్లు మా ఇద్దరి రక్తం ఇస్తామని సంతకం పెట్టాం. ఐదు సార్లు ఇచ్చాం. మొన్న, అప్పుడు రిపోర్టు రాసుకున్న ఆ హైదరాబాద్ అమ్మాయే ఫోన్ చేసింది.

"మీ లెక్కలో ఇంకా ఎన్నిసార్లు ఉన్నాయి సార్?"

"సక్కగ చెప్పు తమ్మీ," అంది పక్కనుంచి అక్క.

"ఏడు," అన్నాను.