పై వరుసలోని కోడ్

ఐప్పసి నెల వానల్లో, సింగానల్లూరులోని మా పెరట్లో నీటితొట్టికి గుంత తవ్విస్తున్నాను. దాని అంచునే పక్కింటి రాజమ్మక్క మట్టిగోడ. గోడకు దన్నుగా రాళ్లు నింపాల్సిన పూటే మట్టి తవ్వే యంత్రం ఆగిపోయి, తెరమీద లోపం తెలిపే ఫాల్ట్ కోడ్లు రెండు, ఒకదాని కింద ఒకటి చూపింది.

"తమ్ముడూ, నా గోడ నిలుస్తాదా?" అని అక్క ఒకటే గోల.

బాగుచేయడానికి పిలిపించిన మెకానిక్ పై కోడ్ చూసి సెన్సర్ విప్పాడు. డైరీ రాసే అలవాటు కనుక, ఆ కోడ్ ముందురోజే గమనించి రాసుకున్నాను.

"అది నిన్న బండి నడిచేటప్పుడూ ఉండె నాయనా. కిందది చూడు," అన్నాను.

"మీరు నీడలో కూచోండి మామా. వరసగానే చూడాల."

కొత్త సెన్సర్ వేసినా యంత్రం కదల్లేదు. మళ్లీ చెప్పాను.

"కాఫీ తాగినారా మామా?" అన్నాడు.

ఇంతలో వాన దంచికొట్టింది. గోడ పెళపెళమంటూ గుంతలో కూలింది. అదృష్టం, అక్కడెవరూ లేరు.

అప్పుడు చూశాడు కింది కోడ్. డీజిల్లో నీళ్లు చేరాయట. ఫిల్టర్ అడుగు నుంచి వాటిని వదిలేయగానే యంత్రం స్టార్టయింది.

"చూసినారా మామా, పట్టేసినా!"

దన్ను కట్టాల్సిన యంత్రం గోడమట్టి ఎత్తిపోసింది. అక్కకు కొత్త గోడ కట్టించాను. మెకానిక్ ఎదురైతే ఇప్పటికీ నవ్వుతూ పలకరిస్తాడు. నాకు మాత్రం ఆ పెళపెళే వినిపిస్తుంది.