మామిడి కొత్తకి తేదీ వేసిన గుంట

"ఒప్పుకున్నారు!" అని నేను అరిచిన అరుపుకి మా నాన్న చేతిలోంచి కందిపప్పు పొట్లం జారి నేలమీద చిట్లిపోయింది. పెదబయలు మెయిన్ రోడ్డు మీద మాది కిరాణా కొట్టు. ఆ రోజు సంత కూడానూ. కొట్టు నిండా జనం, మధ్యలో ఫోన్ పట్టుకుని గెంతుతూ నేను.

"ఏటయిందే? ఎవలు ఒప్పుకున్నారు? ఎవల్ని?" అన్నాడు నాన్న, నాకేదో సంబంధం కుదిరిందనుకుని.

సంబంధమూ లేదు, ఏమీ లేదు. చివరి సెమిస్టర్ ఫీల్డు క్లాసుకి నేను పంపిన ప్రతిపాదన ఎంపికైందని పోర్చుగల్ నుంచి మా ప్రొఫెసర్ మేడమ్ మెసేజ్ పెట్టింది. క్లాసు క్లాసంతా మా కొండలకి వస్తోంది! మా పెదబయలుకి!

నేను చదువుతున్నది కళలు, సాంస్కృతిక వారసత్వ నిర్వహణలో ఎమ్మే. మొదటి సెమిస్టర్ పోర్చుగల్‌లో, రెండోది హంగరీలో, ఆఖరిది ఎవరి సొంత ప్రాంతంలో వాళ్లు; అందులో ఫీల్డు క్లాసుకి మాత్రం ఎంపికైన ఒకరి ఊరికి అందరూ వెళ్లాలి. పోర్చుగల్‌లో గోడల మీది పాత పింగాణీ పలకల్ని ఎలా కాపాడాలో నేర్పారు. హంగరీలో చెక్క చర్చిల పైకప్పు బొమ్మల కింద మెడలు నొప్పెట్టేలా నిలబెట్టారు. ఎక్కడికెళ్లినా మేడమ్ మమ్మల్ని అడిగేది ఒకటే: ఇది ఎవరిది, దీని సంగతి తేల్చేది ఎవరు? అడిగిన ప్రతిసారీ నాకు మా కొండలే గుర్తొచ్చేవి. నేను గబుక్కున చెయ్యెత్తేసి మామిడి కొత్త గురించి చెప్పేసేదాన్ని. క్లాసులో అందరికీ అది నోటికొచ్చేసింది పాపం.

మామిడి కొత్త అంటే మా ఏజెన్సీ గూడేల్లో పండుగ. చెట్ల నిండా కాయలు వేలాడుతున్నా, కొత్త అయ్యేదాకా ఊళ్లో ఎవరూ మామిడి ముక్క నోట్లో వేసుకోరు. ముందు కొండదేవతకి పెట్టాలి, తర్వాతే మనుషులు. ఆ రోజు ఏదో చెప్పేవాడు దిసరి, అంటే ఊరికి మంచిరోజు చూసే పెద్దమనిషి. నా స్నేహితురాలి అత్తారి గూడెంలో ఈ పండుగ చూపిస్తానని రాశాను. ఇంటర్ ఇద్దరం కలిసే చదివాం. ఇప్పుడు తను ఆ గూడెంలో అంగన్‌వాడీ టీచరు.

ప్రతిపాదనలో తేదీ గడి ఒకటుంది. ఖాళీగా వదిలితే కంప్యూటర్ ముందుకి కదలదు. కిందటేడు ఎప్పుడు జరిగిందో చూసి, అటూఇటూగా ఒక తేదీ కొట్టేశాను. ఈ మాట చెబితే నా స్నేహితురాలు ఫోన్‌లోనే పకపకా నవ్వింది.

"ఓలమ్మో! మామిడి కొత్తకి నువ్వు తేదీ ఏసీసినావా? దిసరి ఉద్యోగం ఎప్పుడొచ్చిందే గుంటా నీకు?"

"మేడమ్ కళ్లారా చూడకపోతే నా ప్రాజెక్టు చెల్లదే. సెమిస్టర్ మళ్లీ చదవాలి. స్కాలర్‌షిప్ రెండోసారి ఇవ్వరు. చదువు ఇక్కడితో సరి, కొట్లో కూర్చుని చింతపండు తూచుకోవడమే."

తను నవ్వు ఆపేసింది. "సర్లే, రానీ ఆళ్లని. చూద్దాం," అంది.

వాళ్లొచ్చిన రోజు నా ఆనందం ఏం చెప్పను! విశాఖపట్నంలో రైలెక్కించాను. సొరంగం వచ్చినప్పుడల్లా అందరూ కలిసి కేకలు. టైడా స్టేషన్‌లో కిటికీలకి అతుక్కుపోయి, ఇక్కడే దిగిపోదాం అని ఒకటే గోల. హంగరీ అబ్బాయయితే సగం దిగేశాడు కూడా, చొక్కా పట్టుకుని లాగాను. అరకులో జీపులెక్కి గూడెం చేరేసరికి ఊరివాళ్లు డప్పులతో ఎదురొచ్చారు. మేడమ్ చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని వాళ్లతో కలిసి అడుగులేసింది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి.

మర్నాడు అసలు గొడవ మొదలైంది. తెచ్చిపెట్టింది ఎవరనుకున్నారు? మా నాన్న!

మా తాత విజయనగరం దగ్గరి పల్లెనుంచి కొండెక్కి వచ్చి పెట్టిన కొట్టు మాది. నాన్న పుట్టింది ఇక్కడే. కొత్త కానిదే గూడెంలో మామిడి తినరని ఆయనకి తెలియక కాదు. కానీ ఇంటికొచ్చిన చుట్టానికి పండు పెట్టకుండా ఉండటం మా మైదానపు వాళ్లకి చేతకాదు. కిందనుంచి సువర్ణరేఖ పళ్లు రెండు గంపలు తెప్పించి, గడ్డి కప్పి, ఆటోలో గూడేనికి పంపేశాడు. గడ్డి తీయగానే వాసన గుప్పుమంది. హంగరీ అబ్బాయి చెయ్యి గంపలోకి వెళ్లిపోయింది.

"ఆగండాగండి!" అని నా స్నేహితురాలు ఒక్క ఉరుకు ఉరికింది.

నాన్నకి ఫోన్ చేశాను. "ఏటి నాన్నా ఈ పని?"

"అవి మన కింద పళ్లే. ఈళ్ల చెట్టువి కావు గదా! తిననీవే," అన్నాడాయన.

ఆ ఒక్క మాట మీద ఊరంతా రచ్చబండ దగ్గర కూర్చుంది. కొందరు కుర్రాళ్లు, సంతలో మనం కొనుక్కు తినట్లేదా అన్నారు. ముసలమ్మలు ఒప్పుకోలేదు. గూడెం పెద్ద అందరి మాటా విని, చుట్ట ఆర్పి, "సంతలో తింటే సంతది. ఊళ్లోకొచ్చిందంటే ఊరి మామిడే. కొత్త అయ్యేదాకా ఎవులూ ముట్టుకోవద్దు," అన్నాడు. నేను ఇంగ్లిష్‌లోకి చెబుతుంటే మేడమ్ కళ్లు మెరిసిపోయాయి. రెండు దేశాల్లో తను అడుగుతూ వచ్చిన ప్రశ్నకి ఇక్కడ జనం చుట్టలు కాలుస్తూ జవాబు తేలుస్తున్నారు. మా క్లాసు వాళ్లంతా ఆవేశంగా రాసుకుంటూనే ఉన్నారు. గంపలు నా స్నేహితురాలి ఇంట్లో అటక మీదకెక్కాయి. మేం పడుకునేది ఆ ఇంటి వసారాలోనే. ఆ వాసనకి హంగరీ అబ్బాయి ముక్కు మూసుకుని తిరిగాడు. వాణ్ని చూసి ఊరంతా నవ్వింది.

నవ్వుతూనే రోజులు దాటిపోయాయి. నేను రాసిన తేదీ కూడా దాటిపోయింది. దిసరి పొరుగు గూడెం నుంచి వచ్చేసరికి, మర్నాడు పొద్దున్నే మా క్లాసు వాళ్ల ప్రయాణం. ఆయన చెట్టు చూశాడు, కాయ కోసి చూశాడు, వేళ్లు మడిచి లెక్క కట్టాడు.

"వచ్చే వారం, లచ్చింవారం," అన్నాడు.

లచ్చింవారం అంటే గురువారం. అప్పటికి మేడమ్ ఇక్కడ ఉండదు. గూడెం పెద్ద నా మొహం చూశాడు. నా సంగతి అప్పటికే నా స్నేహితురాలు చెప్పి ఉంచింది.

"ఏడవకే అమ్మీ. నీ చదువు పోతాదంటే మేం ఊరుకుంటామేటి? రేపు తెల్లారగట్లే సేసీద్దాం. డప్పు కొడతాం, పాడతాం, అన్నీ సేత్తాం," అన్నాడు.

అబ్బ! ఆయన కాళ్ల మీద పడిపోదామనిపించింది. చుట్టూ అందరూ సరేనంటున్నారు. దిసరి కూడా తలూపాడు. ఊపి, తాపీగా ఒక మాట కలిపాడు. "సేత్తాం గానీ తినం. తినేది లచ్చింవారమే."

మేడమ్ నా భుజం తట్టింది. "ఏమంటున్నారు? రేపు ఉంటుందా?"

అక్కడ రెండు భాషలూ వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. "ఉంటుంది" అంటే చాలు. ఫొటోలు, వీడియోలు, సంతకం, డిగ్రీ! నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఎవరూ తినని కొత్తని చూపించి ఇది కొత్త అని రాయడమా? నామీద నాకే ఒళ్లు మండిపోయింది. ఉన్నదున్నట్టు మొత్తం చెప్పేశాను.

"ఇది నీ ప్రాజెక్టు. నువ్వే తేల్చు," అంది మేడమ్.

"వద్దు తాతా, లచ్చింవారమే చేసుకోండి," అన్నాను. మేడమ్ నాతో దాపరికం లేకుండా చెప్పింది: తాను చూడలేదనే రాస్తుంది, వైవాలో కమిటీని నేనే ఒప్పించుకోవాలి, ఒప్పుకుంటారని మాత్రం చెప్పలేదు. మర్నాడు జీపులు వెళ్లిపోయాయి.

గురువారం ఫోన్ ఛార్జింగ్ నిండా పెట్టుకుని మళ్లీ గూడెం వెళ్లాను. పూజ అయింది. ఆకులో మామిడి ముక్కలు కలిపిన అన్నం పెట్టి, పెద్ద ఒక్కొక్క ఇంటినీ పేరు పెట్టి పిలుస్తున్నాడు. పిలిచిన ఇంటివాళ్లు వచ్చి రెండు చేతులా అందుకుంటున్నారు. ఫొటోలు ఈ పంపకం అప్పుడే తీద్దామని ఆగినదాన్ని, అప్పుడే ఫోన్ పైకెత్తి ఓ మూల నిలబడ్డాను.

"కొట్టిల్లు!"

ఎవరూ కదల్లేదు. మా కొట్టుకి వచ్చిపోయేవాళ్లే అందరూ. అయినా ఆ పిలుపులో మా ఇల్లు ఏనాడూ లేదు. అందుకే ఆ కొట్టున్న ఇల్లు మేమే అని నాకు తట్టలేదు.

"ఒలే, నిన్నేనే! బేగి ఎల్లు!" అని నా స్నేహితురాలు నా చేతిలోంచి ఫోన్ లాక్కుని, కొంగున దోపుకుని, నన్ను ముందుకి తోసింది.

రెండు చేతులూ పట్టాను. నోట్లో పెట్టుకుంటే పులుపుకి కళ్లు మూసుకుపోయాయి. సగం నేను తిని, ఫొటోల ఊసే మరిచి, మిగిలింది ఆకులో చుట్టి నాన్నకి పట్టుకెళ్లాను. ఆయన కళ్లకద్దుకుని, కొట్టు వెనక్కి వెళ్లి ఒంటరిగా తిన్నాడు.

వైవా ఆన్‌లైన్‌లో, మా కొట్టు మీది గదిలో. ఇంగ్లిష్ రాకపోయినా నాన్న కొట్టు మూసేసి వచ్చి, కెమెరాకి కనబడకుండా మంచం చివర కూర్చున్నాడు. కమిటీలో ఒకాయన మొహం ముడుచుకుని ఉన్నాడు.

"పండుగ జరిగిందంటున్నారు. మీరు అక్కడే ఉన్నారు. ఒక్క ఫొటో కూడా లేదా?"

"లేదండీ. మా ఇంటిని పిలిచారు. వాటా రెండు చేతులా అందుకోవాలి."

అప్పుడు మొత్తం చెప్పాను: రచ్చబండ, రెండు గంపలు, వద్దన్న పండుగ, ఆ పిలుపు. చెబుతూ చెబుతూ ఏడ్చేశాను, సిగ్గు కూడా పడలేదు. వాళ్లు కాసేపు నన్ను మీటింగ్ బయట ఉంచి, మళ్లీ పిలిచారు. ఆ ముడుచుకున్న మొహం ఆయనే ముందు చప్పట్లు కొట్టాడు.

లాప్‌టాప్ మూసి గెంతేశాను. "నాన్నా, పాసయ్యాను! పాస్!"

"సర్లే. మనింటిని పిలిచినారని సెప్పినావా ఆళ్లకి?"

"చెప్పాను."

"ఏటని పిలిచినారో అదే సెప్పినావా?"

"కొట్టిల్లు అనే చెప్పాను నాన్నా."

ఆయన తలూపాడు. తువ్వాలుతో మొహం తుడుచుకుని, కొట్టు తెరవడానికి కిందికి దిగాడు.