విషాలత్త రెండో పరీక్ష

విషాలు పట్టే ప్రయోగశాలలో ఉద్యోగం గనక ఆడపడుచు పిల్లలంతా ఆవిడను విషాలత్త అంటారు. ఎవరింట్లో కాఫీ ఇచ్చినా వాసన చూడందే తాగదు. "తాగు వదినా, ఇవాళ ఏం కలపలేదులే" అని ఆడపడుచు దెప్పితే, "కలిపితే కాస్త రుచైనా ఉండేది" అంటుంది. ఆవిడ వీధిలోకి రాగానే బొద్దింకల మందు డబ్బాలు వాటంతటవే మూతలు బిగించుకుంటాయని ఇరుగుపొరుగు చెప్పుకుంటారు.

ఒకరోజు, చనిపోయిన ఒక ముసలాయన మూత్రం సీసా ఇన్‌స్పెక్టర్ తెచ్చాడు. మత్తుమందిచ్చి చంపిందన్న అనుమానంతో, ఆయనకు సేవ చేసిన నర్సు అప్పటికే లాకప్పులో ఉంది. మూత్రంలో ముంచిన పరీక్ష పట్టీ మత్తుమందు ఉందనే చూపింది.

"తేలిపోయిందిగా మేడమ్, రాసిచ్చెయ్యండి."

"పట్టీ చుట్టాలొచ్చారని చెబుతుంది గానీ ఎవరొచ్చారో చెప్పదు. కూర్చోవయ్యా."

ఆ మూత్రాన్నే పెద్ద యంత్రంలో పెట్టి, అది గీతలు గీయడం ముగించేదాకా ఆవిడ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని తీరిగ్గా చూసింది. మత్తుమందు జాడ లేదు, వేరే విషమూ లేదు. ఉన్నదల్లా ఊపిరితిత్తుల జ్వరానికి డాక్టరు రాసిన మాత్ర. పట్టీ దాన్ని చూసి పొరబడింది.

ఇన్‌స్పెక్టర్ తల గోక్కున్నాడు. "మరి చంపిందెవరంటారు?"

"ఎవరో ఒకరు చంపి తీరాలా ఏం? జ్వరమొచ్చి పోయే హక్కు ఆయనకు లేదా? ముందు స్టేషన్‌కి ఫోన్ చేసి ఆ పిల్లను ఇంటికి పంపించమను."