ఎవరి పేరూ పలకని పెండ్రీ గారు

ఆంబ్రోస్ పెండ్రీ గారు మనుషుల్ని పేరు పెట్టి పిలవరు. బ్రిటిష్ పార్లమెంటులో అది వింతేమీ కాదు. అక్కడ సభ్యుల గురించి చెప్పేటప్పుడు ఏ నియోజకవర్గం నుంచి గెలిచి వచ్చారో ఆ ఊరి పేరే చెప్పాలి. ఏం మాట్లాడినా స్పీకరుతోనే మాట్లాడాలి. ఎదుటి బెంచీలో ఉన్నవాణ్ణి తిట్టాలన్నా ఆ తిట్టు స్పీకరుగారి మీదుగా చుట్టు తిరిగి వెళ్లాల్సిందే. పెండ్రీ గారి వింత ఏమిటంటే, ఈ మర్యాదని ఆయన సభ గుమ్మంలో వదిలిపెట్టి రారు. గొడుగులాగా ఎక్కడికైనా వెంట తీసుకుపోతారు.

చేపల కొట్టుకి వెళితే కొట్టువాడి మొహం చూడరు. తక్కెడ పక్కన పడుకున్న పిల్లి వైపు తిరిగి, "అధ్యక్షా, చేపల గౌరవ సభ్యులు ఈ చేప ఏ రోజున కన్నుమూసిందో సభకు తెలియజేయగలరా?" అని అడుగుతారు. కొట్టువాడు పదేళ్లుగా అలవాటు పడినవాడు. వాడూ పిల్లికే చెబుతాడు. "నిన్న పొద్దున అధ్యక్షా. థార్న్‌విక్ సభ్యులకి అంత అనుమానంగా ఉంటే వాసన చూసుకోమనండి." థార్న్‌విక్ పెండ్రీ గారి నియోజకవర్గం. ఆ పిల్లి చచ్చిపోయినప్పుడు ఆయన నల్ల టై కట్టుకుని పరామర్శకి వెళ్లారు. కొత్త పిల్లి వచ్చేదాకా ఆ కొట్లో చేపలు కొనలేదు. అధ్యక్షస్థానం ఖాళీగా ఉండగా సభ జరపకూడదట.

పళ్ల డాక్టరు దగ్గర కుర్చీలో వెనక్కి వాలి, నెత్తిమీద వెలుగుతున్న దీపంతో మొరపెట్టుకున్నారు. "అధ్యక్షా, ఎడమవైపు పైవరస గౌరవ సభ్యులు మూడు రోజులుగా సభని సాగనివ్వడం లేదు." డాక్టరు పొరపాటున పక్క పన్ను పట్టుకున్నాడు. నోట్లో పట్టకారు ఉండగానే పెండ్రీ గారు చెయ్యెత్తి, "వేరే నియోజకవర్గం" అన్నారు.

సభకి ఉత్తరపు తలుపు దగ్గర ముప్ఫై ఏళ్లు నిలబడిన కాపలాదారు ఒకాయన రిటైరై నాలుగేళ్లయింది. ఎప్పుడైనా పాత స్నేహితుల్ని చూడడానికి వస్తే, పెండ్రీ గారు ఆయన్ని ఇప్పటికీ "ఉత్తర ద్వారపు గౌరవ సభ్యులు" అనే పలకరిస్తారు. ఆ ముసలాయన అప్పటిదాకా ఒంగి నడిచేవాడల్లా నిటారుగా నిలబడతాడు. ఇది చూసి టీ గదిలో అందరూ నవ్వుకునేవారు. పెండ్రీ గారికి మతిమరుపు ముదిరిందని హెస్టర్ లడ్‌లమ్ కూడా అనుకునేది.

హెస్టర్ లేబర్ పార్టీ మనిషి, కాల్డర్‌బీ సభ్యురాలు. పెండ్రీ గారు కన్సర్వేటివ్. ఇద్దరివీ ఎదురెదురు బెంచీలు. హెస్టర్ గెలిచి వచ్చిన కొత్తలో, కాల్డర్‌బీ రాతిగనుల గురించి మాట్లాడింది. రాయి తొలిచేవాళ్ల ఊపిరితిత్తుల నిండా దుమ్ము చేరి నలభై ఏళ్లకే పోతున్నారనీ, దుమ్ము లేవకుండా మరలకి నీటి ధార పెట్టి తీరాలని చట్టం చేయమనీ అడిగింది. పెండ్రీ గారు లేచి, అంత ప్రమాదం లేదని గనుల యజమానులు సెలవిస్తున్నారన్నారు. హెస్టర్‌కి ఒళ్లు మండింది. ఆయన వైపు వేలు చూపించి, "మీరు అబద్ధం చెబుతున్నారు" అనేసింది.

సభ గొల్లున నవ్వింది. ఆ సభలో "మీరు" అంటే ఒక్క స్పీకరుగారే. పాపం, పొద్దుటినుంచి నోరు మెదపని పెద్దమనిషిని పట్టుకుని ఆమె అబద్ధాలకోరు అన్నట్టయింది. వెంటనే మాట వెనక్కి తీసుకోకపోతే బయటికి నడవాల్సిందే. అప్పుడు లేచింది పెండ్రీ గారే. "అధ్యక్షా, కాల్డర్‌బీ గౌరవ సభ్యురాలు తిట్టింది నన్ను. అడ్రసు తప్పి తమకి చేరింది. నాది నాకు ఇప్పించమని మనవి." స్పీకరుగారు కూడా నవ్వేశారు, గండం గడిచింది. హెస్టర్ మాత్రం ఆయన తనని వెక్కిరించారనుకుని మూడు నెలలు మొహం చూడలేదు.

ఆ తరవాత పందొమ్మిదేళ్లు ఇద్దరూ పోట్లాడుకున్నారు. రోడ్ల మీద, బడుల మీద, పాల మీద, ఆఖరికి పావురాల మీద కూడా. ఏటా ఆమె గనుల దుమ్ము సంగతి ఎత్తడం, ఏటా అది వీగిపోవడం. ఇన్నేళ్లలోనూ ఒకరినొకరు నేరుగా పలకరించుకున్నది లేదు. నడవాలో ఎదురుపడినా పెండ్రీ గారు గోడమీది గడియారంతోనే, "అధ్యక్షా, గౌరవ సభ్యురాలికి జలుబు తగ్గిందా?" అని అడిగేవారు. తగ్గలేదని ఆమె గడియారానికి చెప్పి వెళ్లిపోయేది.

కిందటి ఎన్నికల్లో హెస్టర్ రెండువందల పన్నెండు ఓట్ల తేడాతో ఓడిపోయింది. గెలిచినవాడు పెండ్రీ గారి పార్టీవాడే, ముప్ఫై ఏళ్లవాడు, పేరు క్రిస్పిన్ వేల్.

ఆమె కాల్డర్‌బీలోనే ఉండిపోయింది. రొట్టెల కొట్లో, బస్సులో, చర్చి మెట్ల మీద ఊరంతా ఆప్యాయంగా "హెస్టర్" అనేవారు. ఆ పిలుపు వినపడినప్పుడల్లా ఆమెకి గుండెలో కలుక్కుమనేది. సభలో మనిషి పేరు వినపడేది రెండే సందర్భాల్లో. స్పీకరు శిక్ష వేసేటప్పుడు ఒకటి, ఆ మనిషి ఇక సభలో లేనప్పుడు ఒకటి. ఓడినవాళ్లకీ పోయినవాళ్లకీ అక్కడ ఒకటే మర్యాద. ఆమె కూడా ఎంతోమంది పేర్లు అలా పలికింది. పలికిన మరుక్షణం ఆ మనిషి పాతకాలం మనిషైపోవడం కళ్లారా చూసింది. తన పేరు కూడా ఏదో ఒకరోజు అలాగే పలుకుతారు. ఆ రోజుతో తను పూర్తిగా అయిపోయినట్టేనని ఆమెకి లోపల్లోపల ఒకటే భయం.

సభ మీద ఆమెకి బెంగ పట్టుకుంది. ఓటింగు గంట మోగిన ఎనిమిది నిమిషాల్లో లోపల ఉండాలి, లేకపోతే తలుపులు మూసేస్తారు. ఒకరోజు ఉన్ని కొట్టు తలుపుకి కట్టిన గంట గణగణమనగానే, హెస్టర్ ఉన్ని ఉండలు అక్కడే పడేసి వీధి చివరిదాకా పరిగెత్తింది. అక్కడికి వెళ్లాక గుర్తొచ్చింది, తను వెయ్యాల్సిన ఓటు ఎక్కడా లేదని. వెనక్కి వచ్చి అందరితో కలిసి తనూ నవ్వింది. ఇంటికొచ్చాక నవ్వు రాలేదు. ఆకుపచ్చ తోలు బెంచీల మీద బెంగ, చల్లారిపోయిన టీ మీద బెంగ. అన్నిటికంటే ఎక్కువగా, ఎదురుగా కళ్లజోడు తుడుచుకుంటూ లేచి, "కాల్డర్‌బీ గౌరవ సభ్యురాలు ఎప్పటిలాగే పొరబడ్డారు అధ్యక్షా" అనే గొంతు మీద బెంగ.

అలాంటప్పుడు ఓ ఉత్తరం వచ్చింది. కవరు మీద పేరు లేదు, "కాల్డర్‌బీ గౌరవ సభ్యురాలికి" అని మాత్రం ఉంది. తపాలావాళ్లు దాన్ని తీసుకెళ్లి వేల్‌కి ఇచ్చారు. అతను "నేను మగవాణ్ణి" అని కవరు మీద రాసి తిప్పి పంపాడు. నాలుగు చోట్ల తిరిగి అది హెస్టర్ ఇంటికి చేరింది. అందులో, సభ చూడడానికొచ్చినవాళ్లు కూర్చునే గ్యాలరీకి ఒక టిక్కెట్టు ఉంది. టిక్కెట్టు వెనక పెండ్రీ గారి రాత, ఆయన పార్టీ ప్రభుత్వమే గనుల దుమ్ము బిల్లు తెస్తోందట. పెండ్రీ గారికి మతి పూర్తిగా పోయిందనుకుంది హెస్టర్. అయినా ఆ రోజు పొద్దున్నే రైలెక్కింది.

గ్యాలరీలో మొదటి వరసలో కూర్చుని, కింద తన చోట్లో ఇంకెవరో కూర్చుని ఉండడం చూసింది. బిల్లు గురించి మాట్లాడేవాళ్లు ఎవరైనా పందొమ్మిదేళ్ల కథ చెప్పక తప్పదు. చెబితే తన పేరు పలకక తప్పదు. పెండ్రీ గారు లేచేసరికి ఆమె రెండు చేతులతో కమ్మీ పట్టుకుంది. పలికితే ఆయనే పలకనీ అనిపించింది. ఆయన మాత్రం పలక్కూడదు అని కూడా అనిపించింది.

పెండ్రీ గారు కళ్లజోడు తుడుచుకున్నారు. ఈ బిల్లు తన పార్టీ గొప్పతనం కాదన్నారు. ఎదుటి బెంచీలో ఒకరుండేవారనీ, ఆ మనిషి ఒకరోజు సీసాలో గనుల దుమ్ము తెచ్చి, కాస్త పీల్చి చూడమని గడియారంతో చెప్పి వెళ్లారనీ అన్నారు. తను పీల్చి మూడు రోజులు దగ్గారట. ఆ తరవాత కూడా పార్టీ మాట విని ఎదురు ఓటే వేశాననీ, అది తనకే సిగ్గుచేటనీ అన్నారు. ఇలా "ఆ మనిషి", "ఎదుటి మనిషి" అంటూ పది నిమిషాలు పేరు చుట్టూ ప్రదక్షిణాలు చేస్తుంటే స్పీకరుగారికే ఓపిక నశించింది.

"థార్న్‌విక్ గౌరవ సభ్యులు ఆవిడ పేరు చెప్పవచ్చు. ఇప్పుడు ఆవిడ సభ్యురాలు కారు కదా."

"చెప్పవచ్చని తెలుసు అధ్యక్షా. చెప్పను."

"కారణం?"

"ఇక్కడ పేరు చెప్పామంటే వెళ్లిపోయినట్టే లెక్క. నేను వచ్చే ఎన్నికల కోసం ఎదురుచూస్తున్నాను."

ఆయన వెనక బెంచీల్లో సొంత పార్టీవాళ్లు తలలు పట్టుకున్నారు. క్రిస్పిన్ వేల్ ఎర్రబడ్డ మొహంతో లేచి, ఆ స్థానంలో తాను ఉన్నానని సభకి మనవి చేసుకున్నాడు. పెండ్రీ గారు ఎంతో ప్రేమగా వెనక్కి తిరిగి చూసి, మళ్లీ స్పీకరు వైపు తిరిగారు.

"నా గౌరవ మిత్రులు చాలా మంచివారు అధ్యక్షా. ఆయనకి ఇంతకంటే మంచి ఊరు దొరకాలని నా కోరిక."

ఎదుటి బెంచీలు ఆ సభలో వాడే మెచ్చుకోలు మాటతో "వినండి, వినండి" అని హోరెత్తాయి. ఆ హోరులో పైనుంచి ఒక ఆడగొంతు అందరికంటే గట్టిగా "వినండి" అంది. సభంతా తలెత్తి చూసింది. గ్యాలరీలో కూర్చున్నవాళ్లు దగ్గినా నేరమే. చట్టం ప్రకారం వాళ్లు అక్కడ లేనట్టే. పెండ్రీ గారొక్కరే తలెత్తలేదు. కాగితాలు సర్దుకుంటున్నారు, అంచులు మాత్రం ఎంతకీ కుదరడం లేదు.

గ్యాలరీ కాపలాదారు చిన్న పుస్తకం పట్టుకుని హెస్టర్ దగ్గరికి వచ్చి వంగాడు.

"ఇక్కడ మాట్లాడకూడదమ్మా."

"తెలుసు నాయనా. పందొమ్మిదేళ్ల అలవాటు, నోరు ఊరుకోలేదు."

"అల్లరి చేసినవాళ్ల పేరు రాసుకోవాలి. రూలు."

ఆమె చెప్పబోయింది. అతను పెన్సిలు ఎత్తి ఆపాడు. కింద నిలబడి ఉన్న పెండ్రీ గారి వైపు ఒకసారి చూశాడు.

"వద్దులెండమ్మా, చెప్పకండి" అన్నాడు. పుస్తకంలో "కాల్డర్‌బీ" అని రాసుకుని వెళ్లిపోయాడు.