ఎడమ అద్దం

నూనె డబ్బా రేకు కత్తిరించి, అరిగిన చెప్పుల రబ్బరుతో చక్రాలు చేసి, అన్న నడిపే లారీకి చిన్న నమూనా కట్టాను. అప్పట్లో నాకు హనుమకొండలో ఆఫీసు ఉద్యోగం. సాయంత్రాలన్నీ ఆ లారీకే పోయేవి. అన్న పెట్టిన షరతు ఒకటే: అసలు లారీకి ఏం జరిగితే నా లారీకీ అదే జరగాలి. కేసముద్రం పత్తి లోడు దింపి ఇంటికి రాగానే, కాళ్లయినా కడుక్కోకుండా దాని ముందు కూర్చునేవాడు.

"తమ్మీ, డోరుకు సొట్ట పడ్డది. నీదానికి గూడ పెట్టు."

సుత్తితో సొట్ట పెట్టేవాణ్ని. ఎడమ అద్దం పగిలిందంటే, ఎంతో ఓపికగా అతికించిన అద్దాన్ని పీకేశాను.

ఎనభైల్లో ఒక వానాకాలం, ఖమ్మం రోడ్డు మీద ఆ లారీ బోల్తా పడింది. అన్న అందులోనే పోయాడు. పోలీస్ స్టేషన్ ముందు పడేసిన లారీని చూడబోతే, క్యాబిన్ ఎక్కడెక్కడ నలిగిందో నా కళ్లు వాటంతటవే కొలుచుకున్నాయి. ఆ పాడు కళ్లను ఏం చేయాలి?

ఇంటికొచ్చి సుత్తి పట్టుకున్నాను. చెయ్యి లేవలేదు. పరామర్శకొచ్చినవాళ్లు "అచ్చం ఆయన లారీ లెక్కనే ఉన్నది" అంటుంటే దాన్ని విసిరికొట్టాలనిపించింది.

కొన్నాళ్లకు వదిన దాన్ని ఒళ్లో పెట్టుకుని, "మరిదీ, దీనికి అద్దమన్న పెట్టు. బోసిగ ఉన్నది" అంది.

పెట్టాను. ఆమె కళ్లముందే సొట్టలు కూడా తీసేశాను. లారీ కొత్తదానిలా మెరిసింది. అన్న వచ్చి ముందు కూర్చున్నా, అది తనదని గుర్తుపట్టడు.